క్యాన్సర్ లెక్కల్లో జాతుల తేడా: ఇది రక్తం సంగతా, ఆలస్యం సంగతా?

పద్మాక్షి గుట్ట (హన్మకొండ), ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. నేను లెక్కల టీచర్‌ను. పరకాల దిక్కు పల్లెల ఉండే మా చిన్నమ్మకు పోయిన నెల రొమ్ము క్యాన్సర్ అని తేలింది. వయసు 51. మూడో దశ. గడ్డ చేతికి తగలబట్టి ఏడాది దాటిందంట, ఇంట్ల ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అని మా అమ్మ ఏడ్చుకుంట అడిగితే, "నాకు గర్భసంచి తీసేసిండ్రు గదా అక్కా, ఇంక క్యాన్సర్ ఎట్లొస్తదనుకున్న" అన్నది. 32 ఏండ్లప్పుడు తెల్లబట్ట అయితుందని ఒక ప్రైవేటు దవాఖానకు పోతే, "ఉంచుకుంటే క్యాన్సర్ అయితది" అని భయపెట్టి తీసేసిండ్రు. ఆ యేడు పత్తి అమ్మిన పైసలన్నీ దానికే పోయినయి.

ఇప్పుడు ముక్క పరీక్ష రిపోర్టుల ఈఆర్, పీఆర్, హెర్2 అని గడ్డల చూసే గుర్తులు మూడూ నెగెటివ్ అని ఉన్నది. అమెరికాల ఉండే మా పెద్దనాయిన కొడుకు అది చూసి, "ఇది నల్లజాతి ఆడవాళ్ళకు ఎక్కువ వచ్చే రకం, మనకు కూడా రక్తంలనే ఉంటది, మన చేతుల ఏం లేదు" అని ఒక పట్టిక పంపిండు. ఆ మాట విన్నప్పటి సంది నిద్ర పడ్తలేదు. పట్టికను నోట్‌బుక్కుల ఎక్కించుకొని చూస్తున్న. నల్లజాతి ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ వచ్చుడు తెల్లవాళ్ళ కంటె సుమారు 5 శాతం తక్కువ, చనిపోవుడు 38 శాతం ఎక్కువ. వచ్చుడు తక్కువైతే పోవుడు ఎక్కువ ఎట్లయితది? తెలిసినోళ్ళు ఉంటే చెప్పండి. దయచేసి ధైర్యం చెప్పే మాటలు వద్దు, లెక్క చెప్పండి.

కాజీపేట జంక్షన్, ఆదివారం రాత్రి 9:41

అమ్మా, మీ చిన్నమ్మ సంగతి చదివి మనసు కలుక్కుమన్నది. నేను రైల్వేల చేసి రిటైరైన. ఊరూరు తిరిగిన, రకరకాల మనుషులను చూసిన. ఎవరి రక్తం వాళ్ళది. జపానోళ్ళకు కడుపుల క్యాన్సర్ ఎక్కువ, తెల్లోళ్ళకు చర్మం క్యాన్సర్ ఎక్కువ. మా నాయిన ఎనభై ఐదేండ్ల దాక చుట్ట తాగిండు, దగ్గు తప్ప ఏం రాలె. మీ అన్న చెప్పిన దాంట్ల తప్పు ఉన్నదని నేననుకోను. రాసిపెట్టి ఉన్నది తప్పదు.

డాలస్‌లో ఓరుగల్లు, ఆదివారం రాత్రి 11:25

పద్మాక్షి గారూ, నేను పుట్టి పెరిగింది మట్టెవాడ. ఇక్కడ ఒక ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా క్యాన్సర్ రిజిస్ట్రార్‌గా పనిచేస్తున్నాను. మీరు నోట్‌బుక్కులో ఎక్కించుకున్న గడులను నింపేది మాలాంటి వాళ్ళమే. ఒక్కో రోగి ఫైలు తెరిచి ఏ అవయవం, ఏ దశ, ఏ తేదీ, ఏ జాతి అని కోడ్ చేస్తాం. ఈ దేశంలో 'సీర్' అనే జాతీయ వ్యవస్థ 1973 నుంచి ఈ లెక్కలు కడుతోంది. అందుకే యాభై ఏళ్ళ వెనక్కి వెళ్ళి చూడగలుగుతున్నాం.

వెనక్కి వెళ్ళి చూస్తే కనిపించేది ఇది. 1980 ప్రాంతంలో తెల్లజాతి, నల్లజాతి మహిళల రొమ్ము క్యాన్సర్ మరణాల రేటు దాదాపు సమానం. ఆ తర్వాత మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వాడకం పెరిగాయి. అవి అందినవాళ్ళ గీత కిందికి దిగింది, ఆలస్యంగా అందినవాళ్ళ గీత పైనే ఉండిపోయింది. మీరు చూసిన 38 శాతం ఆ రెండు గీతల మధ్య దూరమే. పదేళ్ళలో ఎవరి జన్యువులూ మారవు కదండీ.

కాజీపేట బాబాయ్ గారూ, జపాన్ వాళ్ళ గురించి మీరన్నది నిజమే. కాకపోతే 1968లో హెన్‌జెల్, కురిహార అని ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాకు వలస వచ్చిన జపాన్ వాళ్ళ లెక్కలు తీశారు. వలస వచ్చినవాళ్ళలో కడుపు క్యాన్సర్ తగ్గింది, పెద్దపేగు క్యాన్సర్ పెరిగింది. ఓడ ఎక్కినప్పుడు రక్తం మారలేదు. తిండి మారింది, ఇల్లు మారింది. చర్మం క్యాన్సర్ మాత్రం మీరన్నట్టే. మెలనోమా తెల్లవాళ్ళలో నల్లవాళ్ళ కంటే ఇరవై రెట్లకు పైనే ఉంటుంది, అది చర్మం రంగు సంగతే. అందుకే ఏ క్యాన్సర్‌కు ఆ క్యాన్సర్‌ను విడిగా అడగాలి. అన్నింటికీ కలిపి "జాతి" అనే ఒక్క జవాబు రాస్తే మార్కులు పడవు.

నైట్ డ్యూటీ (వరంగల్), సోమవారం తెల్లవారుజామున 3:50

మేడమ్, నేను పీజీ చేస్తున్న డాక్టర్‌ని. వార్డులో కాస్త తీరిక దొరికింది, అందుకే ఈ వేళప్పుడు రాస్తున్నా.

జన్యువుల పాత్ర అసలే లేదని నేను అనను. అష్కెనాజీ యూదుల్లో దాదాపు 40 మందిలో ఒకరికి బీఆర్‌సీఏ జన్యువులో మార్పు ఉంటుంది, రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు అది పెద్ద కారణం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు యూరప్ వాళ్ళ కంటే తూర్పు ఆసియా వాళ్ళలో చాలా ఎక్కువ, దానికి విడిగా మాత్రలున్నాయి. మన దగ్గర కూడా, క్యాన్సర్ కాకపోయినా, ఆర్యవైశ్య కుటుంబాల్లో మత్తు డాక్టర్లు సక్సినైల్‌కోలిన్ ఇచ్చేముందు ఒకటికి రెండుసార్లు అడుగుతారు. ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ కొందరిలో తక్కువగా ఉంటుంది. తరతరాలుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళు జరిగితే ఇలాంటివి పేరుకుంటాయి.

అయితే ఒంట్లో ఉన్న తేడాను నష్టంగా మార్చేది చాలాసార్లు మనం పెట్టుకున్న రూలే. ఆఫ్రికా మూలాలున్న చాలామందికి తెల్లకణాలు పుట్టుకతోనే కాస్త తక్కువ, అది జబ్బు కాదు. కానీ కీమో ఇవ్వాలంటే ఇన్ని కణాలుండాలి అనే గీత తెల్లవాళ్ళను చూసి గీసింది. దాంతో ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా డోసు వాయిదా పడుతుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ స్కానింగ్ రూల్ కూడా అంతే. 2013లో 55 ఏళ్ళు నిండి, రోజుకు ఒక ప్యాకెట్ చొప్పున 30 ఏళ్ళు తాగినవాళ్ళకే అన్నారు. నల్లజాతివాళ్ళు రోజుకు తక్కువ సిగరెట్లు తాగినా జబ్బు ముందే వస్తోంది, వాళ్ళేమో రూల్ బయటే ఉండిపోయారు. 2021లో దాన్ని 50 ఏళ్ళకు, 20 ఏళ్ళ తాగుడుకు తగ్గించారు.

చిన్నమ్మ గారి రిపోర్టు గురించి ఒక్క మాట. ఆ మూడు గుర్తులూ లేని రకాన్ని ట్రిపుల్ నెగెటివ్ అంటారు. అంటే హార్మోన్ మాత్రలు, హెర్2 మీద పనిచేసే మందులు దీనికి పనిచేయవు, అంతే. కీమోకు బాగా స్పందించే రకాల్లో అది ఒకటి. "చేసేదేం లేదు" అన్నది తప్పు మాట.

పద్మాక్షి గుట్ట, సోమవారం సాయంత్రం 5:30

డాక్టర్ తమ్మీ, నీ చివరి ముక్క మా అమ్మకు చదివి వినిపించిన. ఇయ్యాల పొద్దున ఇద్దరం కడుపు నిండ తిన్నం.

ఒక సందేహం. మన దేశంల రొమ్ము క్యాన్సర్లల దాదాపు మూడో వంతు ట్రిపుల్ నెగెటివ్ అని చాలా అధ్యయనాలల్ల ఉన్నదంట గదా. అమెరికాల మొత్తం మీద 10 నుంచి 15 శాతమే అంటున్నరు. మరి మనకు ఎక్కువ ఉన్నట్టే గదా?

డాలస్‌లో ఓరుగల్లు, సోమవారం రాత్రి 10:05

లెక్కల టీచర్ అడగాల్సిన ప్రశ్నే అడిగారు. వాటా వేరు, రేటు వేరు. అమెరికాలో ముసలివయసులో వచ్చే హార్మోన్ పాజిటివ్ క్యాన్సర్లు గుట్టలుగా ఉంటాయి, అందుకే ట్రిపుల్ నెగెటివ్ వాటా చిన్నగా కనిపిస్తుంది. మన దగ్గర ఆ గుట్ట చిన్నది, జనాభాలో వయసు తక్కువవాళ్ళు ఎక్కువ. పప్పులో నీళ్ళు తగ్గితే ఉప్పు ఎక్కువైనట్టు అనిపిస్తుంది కదా, వేసిన ఉప్పు అంతే. నల్లజాతి మహిళల విషయంలో మాత్రం లక్ష మందికి వచ్చే రేటే సుమారు రెండింతలు, అక్కడ నిజంగానే ఉప్పు ఎక్కువ పడింది. అయినా మరణాల తేడా ఆ ఒక్క రకంతో ఆగట్లేదు. మాత్రలతో లొంగే హార్మోన్ పాజిటివ్ రకంలో కూడా వాళ్ళే ఎక్కువ పోతున్నారు.

మానేరు ఒడ్డు (కరీంనగర్), సోమవారం రాత్రి 10:48

అక్కా, నేను హైదరాబాద్‌ల ఒక దవాఖానల రికార్డులు ఎక్కిస్త. మన లెక్కల సంగతి కూడా జెర చెప్త. దేశంల ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కింద క్యాన్సర్ రిజిస్ట్రీలు 1980లల్ల మొదలైనయి. హైదరాబాద్ రిజిస్ట్రీ నిమ్స్‌ల ఉంటది. 2020ల వచ్చిన రిపోర్టుల ఆడవాళ్ళ రొమ్ము క్యాన్సర్ రేటు హైదరాబాద్‌కే అందరికంటె ఎక్కువ, లక్షకు 48. చెన్నై 42.2. అదే రిపోర్టుల మగవాళ్ళకు అన్ని క్యాన్సర్లు కలిపి మిజోరాం ఐజ్వాల్‌ల లక్షకు 269, మహారాష్ట్ర ఉస్మానాబాద్, బీడ్ దిక్కు 39.5. ఒక్క దేశంల దాదాపు ఏడింతల తేడా! అమెరికా జాతుల తేడాలు దీని ముందు ఎంత?

మనిషి ఏ ఊరి లెక్కల పడాలె అన్నదే నాకు రోజూ పెద్ద పరీక్ష. ఏడాది నుంచి ఉంటున్న ఊరే రాయాలె. జమ్మికుంట నుంచి, పెద్దపల్లి నుంచి వచ్చినోళ్ళు ఉప్పల్‌ల బిడ్డ ఇంటి అడ్రస్ చెప్తరు, ఫోన్ దొరకాలని. పోయిన వారం ఒక పెద్దాయన బోడుప్పల్ అని చెప్పిండు. చేతులు చూస్తే గోర్ల సందుల మట్టి. "నాయినా, మొన్న నాట్లు ఎక్కడ ఏసిండ్రు?" అని అడిగిన. "సుల్తానాబాద్‌ల" అన్నడు. అడగకపోతే ఆయన హైదరాబాద్ లెక్కల కలిసేటోడు, ఆయన ఊరికి క్యాన్సరే లేనట్టు ఉండేది.

తునికాకు (మెట్‌పల్లి), మంగళవారం మధ్యాహ్నం 2:15

నేను ఇంతవరకు చదువుడే, రాసింది లేదు. మా అమ్మ నలభై ఏండ్లు బీడీలు చుట్టింది. చాట ఒడిల పెట్టుకొని, తడి గుడ్డల చుట్టిన ఆకును కత్తెరతోని కోసుకుంట, తంబాకు పోసి చుట్టి దారం కట్టేది. పండ్లు నొస్తే తంబాకే చెంపల పెట్టుకునేది. వాడల సగం మంది ఆడోళ్ళు అంతే. అమ్మకు చెంపల పుండైంది, మానలే. నోటి క్యాన్సర్ అన్నరు. రెండేండ్లాయె పోయి.

అప్పుడు ఒకాయన "మీ కులపోళ్ళకు ఇది ఎక్కువ" అన్నడు. నాకు ఆ మాట ముల్లు లెక్క ఉండిపోయింది. మా కులానికి తంబాకు పుట్టుకతోని రాలే. పనితోని వచ్చింది. సాలోళ్ళు చుట్టినా, మాదిగోళ్ళు చుట్టినా, తుర్కోళ్ళు చుట్టినా చాట ఒక్కటే. ఆ తంబాకు చెంపల పెట్టుకుంటే ఎవరి చెంపైనా ఒక్కటే.

నైట్ డ్యూటీ (వరంగల్), మంగళవారం రాత్రి 8:20

అక్కా, మీరు రాసింది మా ప్రొఫెసర్ క్లాసు కంటే స్పష్టంగా ఉంది. శ్రీకాకుళం దిక్కు అడ్డపొగ అని, నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకొని చుట్ట తాగే అలవాటు ఉంది, ముఖ్యంగా ఆడవాళ్ళలో. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ కనిపిస్తుంది. ఆ అలవాటు తెలియనివాడు పట్టిక చూస్తే ఉత్తరాంధ్ర ఆడవాళ్ళ అంగిట్లోనే ఏదో లోపం ఉందంటాడు. అమెరికాలో మెంథాల్ సిగరెట్లూ అంతే. కంపెనీలు దశాబ్దాల పాటు నల్లజాతి వాడల్లో వాటిని అమ్ముకొచ్చాయి, ఇవాళ అక్కడి నల్లజాతి పొగతాగేవాళ్ళలో పదిమందిలో ఎనిమిది మంది చేతిలో అవే.

గోదారి గట్టు (ఏటూరునాగారం), బుధవారం ఉదయం 6:40

నేను ఏజెన్సీల ఏఎన్ఎంను. మా కోయ ఆడోళ్ళ గురించి పెద్ద లెక్కలల్ల ఎప్పుడు ఏం కనవడదు. "గిరిజనులకు క్యాన్సర్ రాదు, అడవి గాలి" అని చదువుకున్నోళ్ళే అంటరు. నా సబ్ సెంటర్ కింద ఒకామెకు నెలసరి ఆగినంక మళ్ళ నెత్తురు పోతుంటే నేను వరంగల్ పంపిన. అప్పటికే గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ ముదిరింది. నాలుగు నెలలకు ఇంట్లనే పోయింది. చావు కాయితం మీద కారణం ఏం రాసిండ్రో నాకు తెలుసు: "అనారోగ్యం". లెక్కకు ఎక్కని చావును లేని జబ్బు అంటున్నరు.

డాలస్ మేడమ్, అక్కడి ఆదివాసులది ఎట్లున్నది?

డాలస్‌లో ఓరుగల్లు, బుధవారం రాత్రి 9:30

అమ్మా, మీరు రాసిన "అనారోగ్యం" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇక్కడా అదే జరిగింది. ఆదివాసులు చనిపోతే కాగితం మీద చాలాసార్లు తెల్లవాళ్ళని రాసేవారు, ముఖం చూసో, ఇంటిపేరు చూసో. దాంతో వాళ్ళకు క్యాన్సర్ తక్కువ అని ఏళ్ళ తరబడి అనుకున్నారు. తర్వాత ఇండియన్ హెల్త్ సర్వీస్ (ఇక్కడి ఆదివాసుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) రికార్డులతో పేర్లు ఒక్కొక్కటీ సరిచూస్తే అసలు సంగతి బయటపడింది. అలాస్కా ఆదివాసుల్లో పెద్దపేగు క్యాన్సర్ ప్రపంచంలోనే అత్యధికం. ఇప్పుడు అక్కడ 40 ఏళ్ళకే పరీక్ష మొదలుపెడుతున్నారు. పేర్లు సరిచూసే పని జరగకపోతే ఆ నిర్ణయానికి ఆధారమే ఉండేది కాదు.

పద్మాక్షి గారూ, మీ చిన్నమ్మ మాటను మొదటి రోజు నుంచి మోస్తున్నాను, ఇప్పుడు చెప్తాను. మీకు లవం, హారం చెప్పనక్కర్లేదు. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ మరణాల రేటు కట్టేటప్పుడు పైన మరణాలు, కింద మొత్తం ఆడవాళ్ళు. కానీ ముఖద్వారంతో సహా గర్భసంచి తీయించుకున్నవాళ్ళకు ఆ క్యాన్సర్ వచ్చే అవకాశమే లేదు, వాళ్ళు హారంలో ఉండకూడదు. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో వాళ్ళను హారం నుంచి తీసేసి మళ్ళీ కట్టారు. నల్లజాతి మహిళల మరణాల రేటు లక్షకు 5.7 నుంచి 10.1కి ఎగబాకింది. తెల్లవాళ్ళది 3.2 నుంచి 4.7. నల్లజాతివాళ్ళలో ఆ ఆపరేషన్ ఎక్కువ జరుగుతుంది, అందుకే వాళ్ళ కష్టం అంతగా దాగిపోయింది.

పద్మాక్షి గుట్ట, బుధవారం రాత్రి 11:55

నోట్‌బుక్కు ముందర పెట్టుకొని కూసున్న. పాత లెక్కల తేడా 2.5, కొత్త లెక్కల 5.4. రెండింతల కంటె ఎక్కువైంది. ఒక్క చావు కూడా మార్చలే, హారం సరిచేసిండ్రు, అంతే.

ఇప్పుడు మనది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళల గర్భసంచి తీయించుకున్నోళ్ళు దేశం మొత్తం 3.2 శాతం. తెలంగాణల 7.7, ఆంధ్రల 8.9. దేశంల మొదటి వరుసల మన రెండు రాష్ట్రాలే. అంటే మన దగ్గర ఆ క్యాన్సర్ రేటు కట్టేటప్పుడు ఎంత మంది హారంల ఊరికే ఉన్నరు! అంతకంటె పెద్ద బాధ ఇంకోటి. ఆ ఆడవాళ్ళందరికీ మా చిన్నమ్మకు చెప్పినట్టే "ఇంక క్యాన్సర్ రాదు" అని చెప్పి పంపిండ్రా? రొమ్ము అట్లనే ఉన్నది, నోరు అట్లనే ఉన్నది. ఒక్క అవయవం తీసేసి ఒళ్ళంతటికి హామీ ఇచ్చిండ్రు. 2019-21 సర్వేల 30 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళల రొమ్ము పరీక్ష ఎప్పుడన్న చేయించుకున్నోళ్ళు దేశంల నూటికి ఒక్కరు కూడ లేరు, 0.9 శాతం.

కాజీపేట జంక్షన్, గురువారం ఉదయం 7:15

రాత్రంత మీరందరు రాసింది చదివిన. మా ఇంటామెకు కూడ 1998ల గర్భసంచి తీసిండ్రు. ఇయ్యాల పొద్దున చాయ్ తాగుకుంట అడిగిన, నీకు రొమ్ము పరీక్ష ఎప్పుడన్న చేసిండ్రా అని. "నాకెందుకు, నాది తీసేసిండ్రు గదా" అన్నది. మీ చిన్నమ్మ మాటే, అక్షరం పొల్లు పోకుండ. రాసిపెట్టి ఉన్నదని మొన్న రాసిన, ఆ మాట ఎనుకకు తీసుకుంటున్న. సోమవారం రైల్వే దవాఖానకు తోలుకపోత.

డాలస్ అమ్మా, ఒక్కటి చెప్పు. ఈ తేడా ఎక్కడన్న తగ్గిందా?

డాలస్‌లో ఓరుగల్లు, గురువారం సాయంత్రం 6:50

తగ్గింది బాబాయ్ గారూ. న్యూయార్క్‌లో హార్లెం అనే పేద నల్లజాతి పేటలో హెరాల్డ్ ఫ్రీమన్ అనే సర్జన్ ఉండేవారు. ఆయన దగ్గరికి వచ్చే రొమ్ము క్యాన్సర్ రోగుల్లో ఐదేళ్ళు బతికేది 39 శాతమే, సగం మంది మూడో దశలోనో నాలుగో దశలోనో వచ్చేవారు. ఆయన పరీక్షలు దగ్గరికి తెచ్చారు. 1990లో ఒక్కో రోగికి ఒక మనిషిని తోడు పెట్టారు. ఆ మనిషి చీటీ రాయించడం, తేదీ గుర్తుచేయడం, బస్సు ఎక్కించడం, భయపడితే పక్కన కూర్చోవడం చేస్తారు. ఆ తర్వాతి రోగుల్లో ఐదేళ్ళు బతికినవాళ్ళు 70 శాతం. డెలవేర్ అనే చిన్న రాష్ట్రం 2002 నుంచి పెద్దపేగు పరీక్షలకు, ఇన్సూరెన్స్ లేనివాళ్ళ చికిత్సకు డబ్బు పెట్టింది. 2009కల్లా నల్లజాతివాళ్ళలో పరీక్ష చేయించుకున్నవాళ్ళు 48 నుంచి 74 శాతానికి పెరిగారు, మరణాల్లో తేడా దాదాపు చెరిగిపోయింది.

నైట్ డ్యూటీ (వరంగల్), గురువారం రాత్రి 9:05

మేడమ్, ఆరోగ్యశ్రీ కాగితాలతో పాటు ఒకటి అడగండి. ట్రిపుల్ నెగెటివ్ కాబట్టి చిన్నమ్మ గారికి బీఆర్‌సీఏ పరీక్ష అవసరమా అని. మార్పు ఉందని తేలితే మీ అమ్మ గారు, మీరు కూడా చేయించుకోవాలి. మీ అన్నయ్య రక్తంలో ఉందన్నారు కదా, రక్తాన్ని అడగాల్సిన చోటు అదొక్కటే.

పద్మాక్షి గుట్ట, పై బుధవారం రాత్రి 8:40

మొదటి కీమో అయింది. వాంతులున్నయి గాని మజ్జిగన్నం తింటున్నది. బీఆర్‌సీఏకు రక్తం ఇచ్చినం. అమ్మను, నన్ను డాక్టరమ్మ చేతితోని చూసింది, అమ్మకు మామోగ్రామ్ కూడ చేసిండ్రు. ఏం లేదన్నరు.

నిన్న చిన్నమ్మను ఊరికి తోలుకపోయిన. అరుగు మీద కూసోని నా నోట్‌బుక్కు అడిగింది. వాడల గర్భసంచి తీయించుకున్న ఆడోళ్ళ పేర్లు ఒక్కొక్కటి చెప్పుకుంట పోయింది, నేను రాసుకుంట పోయిన. ఒక పేజీ నిండి రెండో పేజీకి పోయింది. అందుల ఇద్దరికి ముప్పై కూడ దాటలే. శనివారం సబ్ సెంటర్‌కు అందరిని పిలిచినం. ఏఎన్ఎం ఒప్పుకున్నది. ఏటూరునాగారం అక్కా, నీ నంబర్ ఆమెకు ఇయ్యమంటవా? ఎట్ల చూడాలె, ఎట్ల రాయాలె అని నిన్ను అడుగుతదంట.

గోదారి గట్టు (ఏటూరునాగారం), బుధవారం రాత్రి 9:02

ఇయ్యి చెల్లె. విడిగ మెసేజ్ పెడ్త. శుక్రవారం సాయంత్రం ఫోన్ చెయ్యమను, శనివారం పొద్దున మాకు టీకాల డ్యూటీ ఉంటది.